నోటరీ ఇల్లు

2022లో మా పెద్దమ్మాయికి విదేశంలో పీజీ సీటు వచ్చింది. పదిహేను లక్షలు కావాలి. నా జీతం స్లిప్పులు, ఇన్‌కంటాక్స్ రిటర్నులు, అమ్మాయి మార్కుల మెమోలు ఒక ఫైల్లో పెట్టుకొని బ్యాంకుకు వెళ్లాను. ఏ బ్యాంకన్నది ముఖ్యం కాదు. ఏ బ్యాంకయినా అదే మాట అనేది. మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తామని, ఆపైన కావాలంటే ఇంటి కాగితాలు పెట్టాలని చెప్పాడు. నేను ధీమాగా కాగితాలు తీశాను. ఇల్లు ఉంది కదా! 1986లో మా అబ్బా పాతబస్తీ అంచున గజం నూటయాభై లెక్కన 80 గజాలు కొన్నాడు. పన్నెండు వేలు. మూడేళ్లు కిస్తులు కట్టాడు. ఆ తర్వాత పదేళ్లకు పై గది వేశాడు.

మేనేజరు స్టాంపు పేపర్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నోటరీ కదా సర్. రిజిస్టర్డ్ డాక్యుమెంటు కావాలి, లింకు డాక్యుమెంట్లు కావాలి" అన్నాడు.

"ముప్పయ్యారేళ్లుగా అందులోనే ఉంటున్నామండీ" అన్నాను. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను రసీదులు ముందు పెట్టాను.

"ఉంటున్నారు సర్, కాదనట్లేదు. ఉండటం వేరు, టైటిల్ వేరు" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మీకి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికెళ్లి ఇనప్పెట్టెలోంచి తన గాజులు, గొలుసు ఒక రుమాల్లో కట్టి తెచ్చి నా ముందు పెట్టింది. మర్నాడు అదే బ్యాంకులో, పక్క కౌంటర్లో, ఆ బంగారాన్ని గీకి చూసి, తూకం వేసి గంటలో డబ్బిచ్చారు. ఎక్కడ కొన్నారని అడగలేదు. రసీదు అడగలేదు. ముప్పయ్యారేళ్లు మేం కాపురమున్న ఇంటిని నమ్మని బ్యాంకు అమ్మీ గాజుల్ని నమ్మింది.

అస్తిత్వం మీద వ్యాసం రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ స్టాంపు పేపరే. ఇందులో అస్తిత్వం ఏముందని కొందరు అనుకోవచ్చు. ఉందనే నా వాదన. ఇంకా చెప్పాలంటే, ముస్లింల అస్తిత్వం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనం దాన్ని బ్యాంకు కౌంటరు దాకా, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దాకా తీసుకెళ్లలేదన్నది నా ఫిర్యాదు. ఆ ఫిర్యాదు ప్రభుత్వం మీద ఉంది, మన సాహిత్యం మీద ఉంది, మన మత పెద్దల మీద ఉంది, నా మీద కూడా ఉంది.

*

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు నేను బడిపిల్లాడిని. తర్వాత కాలేజీలో చదివాను. ఈ నేల మాది కాదని ఎవరంటారని తెలుగులో అంత గట్టిగా అడిగిన గొంతు అంతకుముందు నేను వినలేదు. 1998లో 'జల్‌జలా' వచ్చింది. 2004లో ముస్లిం కథల సంకలనం 'వతన్' వచ్చింది. ఈ పుస్తకాలు లేకపోతే నాలాంటి ఉర్దూ ఇంటివాడు తెలుగులో కలం పట్టేవాడే కాదు. ఆ రుణం ఎప్పటికీ తీరదు. తీరని రుణం ఉన్నవాడికే విమర్శించే హక్కు కూడా ఉంటుంది.

ఆ కవితల్లో, కథల్లో ఇల్లు చాలాసార్లు వస్తుంది. కర్ఫ్యూలో బిక్కుబిక్కుమనే ఇల్లు, పరదా వెనక ఉక్కపోసే ఇల్లు, అద్దెకివ్వమని తలుపు వేసుకున్న పరాయి ఇల్లు, వదిలిపెట్టి వచ్చిన ఊళ్లో ఇల్లు. అన్నీ నిజాలే. కానీ ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, ఏ కాగితం మీద ఉంది, దాన్ని పెట్టి అప్పు పుడుతుందా, తండ్రి పోయాక అది కూతురికి ఎంత దక్కుతుంది అన్న ప్రశ్నలు మన రచనల్లో ఎంత వెతికినా తక్కువే కనిపిస్తాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' (1999) లాంటి చోట ఇంట్లో పైసా ఎలా వస్తుందో, ఎలా కరిగిపోతుందో కొంత కనిపిస్తుంది. ఎక్కువ చోట్ల పేదరికం ఒక వాతావరణంలా ఉంటుంది. పొగమంచు పట్టినట్టు ఇంటిని పట్టుకొని ఉంటుంది. అది ఎలా తయారైంది, ఎవరు తయారుచేశారు అన్నది ఉండదు.

పేదరికం వాతావరణం కాదు. ముఖ్యంగా తరం నుంచి తరానికి వచ్చే పేదరికం. అది చట్టాలతో, జీవోలతో, దరఖాస్తు ఫారాల్లో ఉన్న గడులతో తయారవుతుంది. మా ఇంటి మూడు తరాల లెక్క చెప్తాను.

*

మా దాదా ఒక జాగీరు కచ్చేరీలో జమాదారు. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవాల్సిందే. రైతు నెత్తి మీద కూర్చున్న ఆ వ్యవస్థ కోసం నేను ఒక్క కన్నీటి బొట్టు కూడా కార్చను. అయితే రద్దు చేసిన ప్రభుత్వం జాగీర్దారుకు పరిహారం లెక్కగట్టే చట్టం చేసింది. 1950లో చేసిన ఆ చట్టం ప్రకారం కిస్తుల్లో డబ్బు ఇచ్చింది. ఆ జాగీర్దారు గుమ్మం ముందు కర్ర పట్టుకు నిలబడిన మా దాదాకు ఏమీ దక్కలేదు. తెలుగు సాహిత్యంలో రజాకారు ఉన్నాడు, నవాబు ఉన్నాడు. ఉద్యోగం పోయి, ఊళ్లో ఉండే ధైర్యం లేక, పెళ్లాం బిడ్డలతో పట్నం చేరి, చెక్క పెట్టెలో హాలీ సిక్కా రూపాయలు కల్దార్‌లోకి మార్చుకుంటూ బతికిన జమాదారు లేడు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు. మా దాదీ ఆ లెక్క చెప్పేటప్పుడల్లా ఆ పోయిన ఒక్క రూపాయినే తలుచుకునేది.

మా అబ్బా ఉర్దూ కాతిబ్. వెదురు కలంతో పత్రికల పేజీలు రాసేవాడు. పేజీకి ఇంత అని కూలి. ఆయన పనిచేసిన ప్రెస్సు పేరు రాయను. అక్కడ ఆయన పేరు ఉద్యోగుల రిజిస్టర్లో ఎప్పుడూ లేదు. 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం ఇరవై మంది, అంతకు మించి పనిచేసేచోట వర్తిస్తుంది. మన దేశంలో ఇరవై లోపే ఆగిపోయే రిజిస్టర్లు ఎన్నో! తొంభైల్లో కంప్యూటర్ కితాబత్ వచ్చింది. కొన్నేళ్లలోనే చేతిరాత కాతిబ్‌ల పని పోయింది. పాతికేళ్లు రాసినందుకు ఆయన చేతిలో మిగిలింది వంకర తిరిగిన చూపుడువేలు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, పింఛను లేదు.

ఇప్పుడు మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడి సంగతి. అతను హిందువు, మంచివాడు, నిజమైన లౌకికవాది. బక్రీదుకు మా ఇంటికొస్తాడు. అతని తండ్రి ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఇద్దరు తండ్రుల చదువులో, రాబడిలో పెద్ద తేడా లేదు. అబ్బా స్థలం కొన్న కాలంలోనే ఆయనా స్థలం కొన్నాడు, మూసీకి అవతలి వైపు. ఆయనకు ఇల్లు కట్టుకోడానికి ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చింది. అప్పు ఇవ్వాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి కాబట్టి రిజిస్టరైన స్థలమే కొన్నాడు. జీతంలోంచి ప్రతినెలా కొంత కోసి ప్రావిడెంట్ ఫండ్‌లో దాచింది కూడా ప్రభుత్వమే. ఆ కోతతో కూతురి పెళ్లి అయింది. పింఛనుతో ముసలితనం గడిచింది. ఆ ఇంటిని తాకట్టు పెట్టి నా మిత్రుడు పైచదువు చదివాడు. ఆ తర్వాత తను ఫ్లాటు కొన్నప్పుడు, పాత పన్ను విధానంలో హౌసింగ్ లోను వడ్డీ మీద ఏడాదికి రెండు లక్షల దాకా, పొదుపు మీద లక్షన్నర దాకా పన్ను లెక్కలోంచి తీసేశారు.

వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక గుమాస్తా కుటుంబం నిలదొక్కుకోవడం మంచిదే. నేను చెప్పేది ఒక్కటే. ఆ కుటుంబం పొదుపు గుణం వల్ల మాత్రమే పైకి రాలేదు. ప్రతి మెట్టు మీదా ప్రభుత్వం చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి అందాలంటే కావలసినవి రెండు: నెలజీతం, రిజిస్టరైన కాగితం. మా ఇంట్లో రెండూ లేవు. ఒకసారి నా మిత్రుడు అమాయకంగానే అడిగాడు: "మీవాళ్లు సంపాదిస్తారు గానీ ఎందుకో దాచుకోరు కదా?" అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమంతా ఆ జవాబే.

*

"మరి రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చుగా?" అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. నోటరీ అంటే ఏదో పాతబస్తీ అలవాటు, చట్టాన్ని ఎగ్గొట్టే తెలివి అనుకుంటారు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. నోటరీ సంతకం హక్కును బదిలీ చేయదు. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అమ్మకాల మీద తీర్పిస్తూ రిజిస్టరైన దస్తావేజుతోనే హక్కు మారుతుందని ఖరాఖండిగా చెప్పింది. చట్టం సంగతి అది. నేల సంగతి వేరు. హైదరాబాదు చుట్టూ ఉన్న నేలలో ఎంతో భాగం ఒకప్పటి జాగీరు, సర్ఫెఖాస్, ఇనాం, వక్ఫ్. వారసుల తగాదాలు, కోర్టు కేసులు. 1976లో అర్బన్ లాండ్ సీలింగ్ చట్టం వచ్చాక మిగులు భూమి అనే ముద్ర పడినవి మరికొన్ని. ఆ చట్టాన్ని కేంద్రం 1999లో ఎత్తేసినా మన రాష్ట్రం 2008 దాకా అంటిపెట్టుకునే ఉంది. అలాంటి నేలను పెద్దమనుషులు ముక్కలు చేసి, లేఅవుట్ లేకుండా, రోడ్డు లేకుండా అమ్మారు. సబ్ రిజిస్ట్రారు ముట్టుకోని నేల కాబట్టే గజం నూటయాభైకి దొరికింది. నూటయాభైకి దొరికింది కాబట్టే కాతిబ్ కొనగలిగాడు. రిజిస్టరయ్యే నేల ధర ఆయన అందుకోలేనిది. స్టాంపు డ్యూటీ దానిపైన.

ఆ బస్తీకి తర్వాత కరెంటు స్తంభం వచ్చింది, నల్లా వచ్చింది, ఓటరు జాబితా వచ్చింది, ఇంటి నంబరు వచ్చింది. ఇంటి పన్ను వసూలు చేసేవాడు ఏటా వచ్చాడు. పన్ను కట్టించుకునేటప్పుడు ఆ ఇల్లు ఇల్లే. ఓటు అడిగేటప్పుడూ ఇల్లే. అప్పు అడిగినప్పుడు మాత్రం అది ఇల్లు కాదు.

వారసత్వం దగ్గర ఇంకో చిక్కు. అబ్బా పోవడానికి ముందు పెద్దల సమక్షంలో పై గది నాకూ, కింది గది చెల్లెలికీ నోటిమాటగా హిబా చేశాడు. ముస్లింల హిబాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఆస్తి బదిలీ చట్టంలోని 129వ సెక్షన్ ఒప్పుకుంటుంది. సుప్రీంకోర్టు కూడా 2011లోనే ఇంకో తీర్పులో దాన్ని ఖాయం చేసింది. చట్టం ఒప్పుకున్నదాన్ని నేను వెళ్లిన బ్యాంకు లింకు డాక్యుమెంటుగా ఒప్పుకోలేదు. మొదటి కాగితమే హక్కు ఇవ్వనప్పుడు హిబా దేని మీద నిలబడుతుందని అడిగారు. జవాబు లేదు. షరియత్ ఇచ్చిన హక్కునీ, రాజ్యం ఒప్పుకున్న హక్కునీ ఒక నోటరీ ముద్ర మింగేసింది. మా చెల్లెలు ఆ కింది గదికి ఎన్నటికీ యజమాని కాలేని యజమాని.

*

ఇది ఒక్క ఇంటి సంగతి కాదని సచార్ కమిటీ చెప్పింది. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదికను మనవాళ్లు అక్షరాస్యత కోసం, ఉద్యోగాల శాతం కోసం ఎత్తి చూపుతుంటారు. అప్పుల మీద ఉన్న అధ్యాయాన్ని పెద్దగా తిరగేయరు. ముస్లింలకు బ్యాంకు ఖాతాలు ఉన్నా, ఇచ్చిన అప్పుల మొత్తంలో వాటా చాలా తక్కువ అని అక్కడ ఉంది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను 'నెగెటివ్ జోన్లు'గా గుర్తించి అక్కడ అప్పులు అంత సులభంగా ఇవ్వడం లేదని కూడా ఉంది. అంటే మనిషిని చూడకముందే పిన్‌కోడు చూసి లెక్క తేల్చేశారు. ముస్లింలలో సొంత పని చేసుకునేవాళ్లే ఎక్కువని కూడా ఆ నివేదికే చెప్పింది. టైలరు, మెకానిక్, వెల్డరు, గాజుల దుకాణం, బండి మీద పళ్లు. నెలజీతం లేనివాళ్లకు పొదుపు చేయించే యంత్రాంగం మన దేశంలో చాలా ఆలస్యంగా మొదలైంది. 2014లో జన్‌ధన్ ఖాతా, 2015లో అటల్ పెన్షన్ యోజన వచ్చాయి. రెండోదాంట్లో అరవై ఏళ్లు నిండాక వచ్చేది ఎంచుకున్నదాన్ని బట్టి నెలకు వెయ్యి నుంచి అయిదు వేలు. రాకపోవడం కంటే నయమే. కానీ మా అబ్బా తరానికి అదీ లేదు.

రాజ్యం ఇలా చేస్తే, మనం ఏం చేశాం? ఇక్కడ లోపలి మాట ఒకటి చెప్పాలి. చెప్తే మా బస్తీలో కొందరికి కోపం వస్తుంది.

మా ఇంట్లో వడ్డీ హరామ్. అబ్బా పోస్టాఫీసులో దాచేవాడు కాదు. సేవింగ్స్ ఖాతాలో పడిన వడ్డీని లెక్కగట్టి తీసి, పుణ్యం ఆశించకుండా ఎవరికో ఇచ్చేసేవాడు. అది ఆయన నమ్మకం, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ అదే ఇంట్లో వడ్డీ కట్టని నెల లేదు. సాహుకారు దగ్గర గిర్వీ పెట్టిన నగకు నెలకు నూటికి మూడు రూపాయలు. కిస్తీవాడికి రోజువారీ కట్టడం. తీసుకునే వడ్డీ మీద ఖుత్బాలు విన్నాను గానీ ఇచ్చే వడ్డీకి ప్రత్యామ్నాయం చూపించిన ఖుత్బా నా చెవిన పడింది తక్కువ. నిజమే, కొన్నిచోట్ల బైతుల్‌మాల్‌లు ఉన్నాయి, వడ్డీ లేని అప్పులిచ్చే సంఘాలు ఉన్నాయి. అవి ఆసుపత్రి ఖర్చుకు ఆదుకుంటాయి. ఇల్లు కట్టించేంత శక్తి వాటికి లేదు.

ఈ విషయంలో రాజ్యం కూడా చేతులు దులుపుకుంది. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగును కూడా వ్యవస్థలోకి తేవాలని సూచించింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2017లో, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అటు మత పెద్దలు బ్యాంకు గుమ్మం దగ్గర ఆపారు, ఇటు బ్యాంకు పిన్‌కోడు దగ్గర ఆపింది. మధ్యలో లాభపడింది సాహుకారు.

*

ఇంటి మీద హక్కు లేనిచోట, బ్యాంకు మీద నమ్మకం లేనిచోట ఆస్తి అంటే బంగారమే. ఆ బంగారం ఆడవాళ్లది. నిఖానామాలో రాసిన మెహర్ మా అమ్మీకి చేతికి అందింది ఒక గొలుసు రూపంలో. చాలామంది ఆడవాళ్లకు అదీ అందదు. భర్త శవం దగ్గర మెహర్ మాఫ్ చేయించే ఆనవాయితీని నా కళ్లతో చూశాను. మెహర్ ఇస్లాం ఆడదానికిచ్చిన ఆస్తి హక్కు అని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఆస్తిని మనింటి మగవాళ్లమే మాఫీ చేయించుకుంటాం. 'జోడే కీ రఖమ్' మాత్రం రొక్కంగా ఎంచి తీసుకుంటాం. షరియత్‌లో లేనిదాన్ని తీసుకోవడం, ఉన్నదాన్ని ఎగ్గొట్టడం. దీనికి ఏ ప్రభుత్వాన్నీ తిట్టలేం.

అమ్మీ బంగారం ఎన్నిసార్లు సాహుకారు దగ్గరికి వెళ్లొచ్చిందో లెక్కలేదు. అబ్బా గుండె జబ్బుకు ఒకసారి, చెల్లెలి పెళ్లికి ఒకసారి, పై గదికి ఒకసారి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మా బస్తీలో ఆసుపత్రి కోసం నగలు పెట్టడం తగ్గింది. దాన్ని ఎవరూ ఆస్తి పథకం అనరు. కానీ పేద ఇంట్లో ఉన్న కాస్త ఆస్తిని కరిగిపోకుండా కాపాడిన పథకం అది. ఆ మాట చెప్పడానికి ఏ పార్టీ జెండా అక్కర్లేదు.

ఇక రొక్కం. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యాయి. మర్నాడు పొద్దున అమ్మీ బియ్యం డబ్బా అడుగునుంచి, ఖురాన్ జుజ్‌దాన్ పక్కనున్న అరలోంచి, పాత షేర్వానీ జేబులోంచి నోట్లు తీసి నేల మీద పేర్చింది. ముప్పయి నాలుగు వేలు. అబ్బాకు తెలియకుండా, నాకు తెలియకుండా ఇరవయ్యేళ్లు దాచింది. దొంగతనం చేసి దొరికినదానిలా తల వంచుకుంది. నల్లధనం అని టీవీలో అరుస్తున్నారు. డబ్బు బ్యాంకులో వేశాం, పోలేదు. పోయింది ఆమె రహస్యం. తన చేతికిందున్న, ఎవరినీ అడగక్కర్లేని ఒకే ఒక్క ఆస్తి అది. ఆ తర్వాత ఆమె దాచడం మానేసింది.

*

మరి మనకోసమని పెట్టిన పథకాల మాటేమిటి? రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

తెలంగాణ వచ్చాక 2014 అక్టోబరులో షాదీ ముబారక్ మొదలైంది. మొదట 51,000. 2018 నుంచి 1,00,116. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండాలన్న షరతు మంచిది. ఎన్నో ఇళ్లను సాహుకారు దగ్గరికి పోకుండా ఆపింది, కాదనను. కానీ ఒక పేద ముస్లిం ఇంటికి ప్రభుత్వం ఒకేసారి చేతిలో పెట్టే అతి పెద్ద మొత్తం కూతురి పెళ్లి రోజుకే ఎందుకు? ఆ డబ్బు షాదీఖానా కిరాయికి, బిర్యానీ దేగ్‌లకు, జహేజ్‌కు పోతుంది. అమ్మాయి పేరు మీద ఏమీ మిగలదు. పెళ్లి ఖర్చును ప్రభుత్వం భరించింది గానీ పెళ్లికూతురికి ఆస్తి ఇవ్వలేదు.

రెండోది విద్యలో, ఉద్యోగాల్లో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషను. 2007లో చట్టమైంది, 2010లో హైకోర్టు కొట్టేసింది, అదే ఏడాది సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. దాంతోపాటే ఫీజు రీయింబర్స్‌మెంటు. ఈ రెండూ కలిసి మా బస్తీలో చేసినంత మార్పు ఏ అప్పూ, ఏ సబ్సిడీ చేయలేదు. గల్లీకొక ఇంజనీరు, ఫార్మసిస్టు, నర్సు వచ్చారు. ఆ జీతాలతో రిజిస్టరైన ఫ్లాటు కొన్నవాళ్లు ఉన్నారు. మొదటిసారి ఒక ముస్లిం పేరు సబ్ రిజిస్ట్రారు పుస్తకంలోకి నెలజీతం దారిలో ఎక్కింది. అందుకే కాబోలు, అన్నిటికంటే ఎక్కువ కోర్టుల చుట్టూ తిరిగింది కూడా అదే.

ఇక మా నోటరీ కాగితం. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో ప్రభుత్వ భూమిలో గుడిసెలు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా పట్టా ఇచ్చింది. మాది ప్రభుత్వ భూమి కాదు, కొన్నది. కాబట్టి వర్తించలేదు. 2023 జూలైలో, ఎన్నికలకు కొన్ని నెలల ముందు, 84వ నంబరు జీవో వచ్చింది. పట్టణాల్లోని నోటరీ ఆస్తులను క్రమబద్ధం చేస్తామని, 125 గజాల లోపు వాటికి స్టాంపు డ్యూటీ ఉండదని దాని సారాంశం. మా బస్తీ ఆ వారం పండగలా ఉంది. మీసేవ ముందు క్యూలు. నేనూ దరఖాస్తు పెట్టాను. ఆ జీవో మీద హైకోర్టులో వ్యాజ్యం పడింది. అక్రమ అమ్మకాలకు ముద్ర వేసినట్టవుతుందన్నది అవతలివాళ్ల వాదన. అందులోనూ పస ఉంది. భూమి మింగిన పెద్దలకూ, కిస్తుల్లో 80 గజాలు కొన్న కాతిబ్‌కూ ఒకే కాగితం ఉంటే ఎలా వేరుచేస్తారు? వేరుచేయడం కష్టమేమీ కాదు. ఎన్ని గజాలు, ఎన్నేళ్లు, ఎవరు కాపురమున్నారు అని చూస్తే చాలు. ఆ ఓపిక పట్టడమే విధానం. ఎన్నికల ముందు జీవో తీసి వదిలేయడం విధానం కాదు.

*

సాహిత్య మిత్రులకు చివరిగా రెండు మాటలు.

మన కథల్లో బుర్ఖా ఉంటే విమర్శకులు చర్చిస్తారు. అల్లరి మూకలుంటే చర్చిస్తారు. నోటరీ ఉంటే, గిర్వీ ఉంటే అది 'వస్తువు' కాదంటారేమో అన్న భయం మనకే ఉంది. లౌకికవాద మిత్రులు మన దుఃఖం వినడానికి ఎప్పుడూ సిద్ధమే. మన లెక్కలు వినడానికి అంత సిద్ధంగా లేరు. దుఃఖం వింటే కన్నీరు పెడితే సరిపోతుంది. లెక్క వింటే తమ ఇంటి లెక్కా తీయాల్సి వస్తుంది. ఇదే లెక్క దళితవాడలోనూ ఉంది, గుడిసెవాసుల బస్తీలోనూ ఉంది. వాళ్లకూ నెలజీతం లేదు, వాళ్ల కాగితమూ చెల్లదు. మనం దుఃఖం దగ్గర వేరువేరుగా కూర్చున్నా లెక్క దగ్గర ఒకే క్యూలో నిలబడతాం. అందుకైనా రాయాలి.

ఈ నేల మాదని మనం కవితల్లో చెప్పుకున్నాం. గట్టిగా, బాగా చెప్పుకున్నాం. ఆ మాట సబ్ రిజిస్ట్రారు పుస్తకంలోకి ఎక్కేదాకా సగమే చెప్పినట్టు.

మా అమ్మాయి చదువు పూర్తయింది. ఉద్యోగంలో చేరింది. మొదటి జీతంతో నానమ్మ గాజులు విడిపిస్తానంది. మొదటి జీతం సరిపోలేదు. గొలుసు మాత్రం వచ్చింది, గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. మా ఇనప్పెట్టెలో ఇప్పుడు మూడు కాగితాలు ఒకే కవర్లో ఉన్నాయి: దాదా జమాదారీ సనదు, అబ్బా నోటరీ, నా మీసేవ రసీదు. మొన్న అమ్మాయి ఫోన్ చేసి, ఇంటి మీద లోను తీసుకుని పై అంతస్తు వేద్దామా అబ్బూ అని అడిగింది. ఆ కవరు సంగతి ఆమెకు ఇంకా పూర్తిగా చెప్పలేదు.